మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో పైచదువు: ఎక్కడ, ఎవరి వద్ద, ఎవరి ఖర్చుతో?

(విద్యార్థులు, తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం చాలా సన్నటిది. ఇంజనీరింగ్ పట్టా పూర్తి చేసి మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్., ఎం.ఎస్. లేదా పిహెచ్.డి. చేయదలచినవారు ఏ విద్యాసంస్థను ఎంచుకోవాలి అన్నది ప్రశ్న. కంప్యూటర్ కోర్సుల గురించి అయితే ఈ హాలు చాలేది కాదని నిర్వాహకులు నవ్వుతూ అన్నారు. వచ్చిన యాభై అరవై మందికి ఉపయోగపడితే మాకు అదే చాలు.

ముందుగా తల్లుల ప్రశ్నకు జవాబు చెబుతాము. ఈ చదువు ఏమిటి? ఒక వస్తువు దేనితో చేస్తే విరగకుండా, కరగకుండా, తుప్పు పట్టకుండా, తేలికగా ఉంటుందో తెలుసుకొని, అటువంటి పదార్థాన్ని తయారుచేసే విద్య. అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో క్షిపణి ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యులు ఒకరు వచ్చి, అక్కడి తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని ఆశ్చర్యపోయారట. ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచేవారు. క్షిపణి కోసం తయారైన ఆ పదార్థంతోనే మూడు వందల గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. కలాం గారు అనేక సభల్లో చెప్పిన సంగతి ఇది. ఆ మూడు కిలోలకూ మూడు వందల గ్రాములకూ మధ్య ఉన్నదే ఈ శాస్త్రం.

మనకు ఇది పరాయి విద్య కూడా కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. బీదరు పనివారు తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండి తీగలు పొదిగి, కోట మట్టితో దానిని నల్లబరిచే పద్ధతి నేటికీ సాగుతోంది. ఇంకా దగ్గరగా చూద్దాం. సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట ప్రాంతాల వారికి కంచన్‌బాగ్ ఎంత దూరం? విమాన ఇంజన్లకు, అంతరిక్ష వాహనాలకు ప్రత్యేక లోహాలు చేసే మిశ్రధాతు నిగం 1973లో అక్కడే స్థాపితమైంది. రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్. కూడా అక్కడే ఉంది. బాలాపూర్ వైపు ఏ.ఆర్.సి.ఐ. అనే పొడి లోహాల పరిశోధనా కేంద్రం ఉంది. మౌలాలి వైపు అణు ఇంధన సముదాయం ఉంది. జిర్కాన్ ఇసుక నుంచి మొదలుపెట్టి అణు రియాక్టర్ల గొట్టాల వరకు అక్కడ తయారవుతాయి. భారతదేశంలో పదార్థ శాస్త్రానికి ఒక రాజధాని ఉందంటే అది హైదరాబాదే. ఆ ప్రహరీ గోడల పక్కనే మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాల నుంచి లోపలికి ఉద్యోగులుగా వెళ్ళినవారు ఎందరో మీరే లెక్క వేసుకోండి. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ స్థాయిలో ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని సచార్ కమిటీ 2006లో చెప్పింది. డిగ్రీ నుంచి పైమెట్టు ఎక్కేచోట మన వాటా సగానికి తగ్గిపోతోందన్నమాట. మేము మాట్లాడుతున్నది ఆ మెట్టు గురించే.

ఇక అసలు విషయం. పైచదువు గురించి ఇళ్ళల్లో జరిగే చర్చ సాధారణంగా దేశం పేరుతో మొదలై ర్యాంకుల పట్టికతో ముగుస్తుంది. అమెరికానా, జర్మనీనా? ప్రపంచంలో ఎన్నో స్థానం? మా అనుభవంలో ఈ రెండు ప్రశ్నలూ చివర అడగవలసినవి. మొదట అడగవలసినది: నా చదువు ఖర్చు ఎవరు భరిస్తారు? రెండవది: నేను ఎవరి వద్ద, ఏ పరికరం మీద పని నేర్చుకుంటాను? కంప్యూటర్ విద్యార్థి ఒక ల్యాప్‌టాప్‌తో ఎక్కడైనా నేర్చుకోగలడు. మెటీరియల్స్ విద్యార్థికి కొలిమి కావాలి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి, ఎక్స్-రే యంత్రం కావాలి. ఒక్కొక్కటి కోట్ల రూపాయల సామగ్రి. వాటి వద్దకు మనలను చేర్చేవాడు గైడు. కనుక ఈ శాఖలో విశ్వవిద్యాలయం పేరు కన్నా ప్రయోగశాల ముఖ్యం, ప్రయోగశాల కన్నా గైడు ముఖ్యం.

ఖర్చు విషయం మన కుటుంబాలకు మరింత బరువైనది. వడ్డీతో కూడిన విద్యారుణం వద్దనుకునే ఇళ్ళు ఈ సభలోనే చాలా ఉన్నాయి. ఆ నిశ్చయాన్ని మేము గౌరవిస్తాము. వడ్డీ రాయితీ ఇచ్చే 'పఢో పర్‌దేశ్' పథకం 2022-23 నుంచి ఆగిపోయింది. పిహెచ్.డి. చేసే మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి అండగా నిలిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును కూడా అదే ఏడాది నుంచి రద్దు చేసినట్లు 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించారు. ఇతర ఫెలోషిప్పులు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ ఫెలోషిప్పు తిరిగి రావాలని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉంటాము. అయితే ఈ ఏడాది పట్టా పుచ్చుకున్న పిల్లవాడు దాని కోసం ఆగలేడు. వాడికి ఇతర ద్వారాలు తెలియాలి.

మొదటి ద్వారం గేట్ పరీక్ష. ఇందులో లోహశాస్త్రానికి విడిగా 'ఎంటి' పేపరు ఉంది. మెకానికల్ చదివినవారు తమ పేపరు రాయవచ్చు, లేదా మెటీరియల్స్ సైన్స్ భాగం ఉన్న 'ఎక్స్ఈ' పేపరును ఎంచుకోవచ్చు. మన పిల్లల్లో మెకానికల్ పట్టా ఉన్నవారు చాలామంది. దానితో సేల్స్ ఉద్యోగమో, గల్ఫ్‌లో సూపర్‌వైజరు పనో తప్ప దారి లేదని అనుకుంటున్నారు. మెటీరియల్స్ విభాగాలు చాలావరకు మెకానికల్, కెమికల్ పట్టభద్రులను తీసుకుంటాయి; కొన్ని కోర్సుల్లో భౌతిక, రసాయన శాస్త్రాల ఎం.ఎస్సీ. వారికీ అవకాశం ఉంది. గేట్ ఉత్తీర్ణులై ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది. గొప్ప మొత్తం కాదు. ప్రభుత్వ విద్యాసంస్థ హాస్టలులో ఉండేవాడు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోకుండా నెట్టుకురావచ్చు, అంతే. పిహెచ్.డి.లో పరిస్థితి మెరుగు: 2023 జనవరి నుంచి కేంద్ర పరిశోధక వేతనం మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. మంచి మార్కులున్న బి.టెక్. విద్యార్థులను నేరుగా పిహెచ్.డి.లోకి తీసుకునే ఐఐటీలు ఉన్నాయి. ఇరవై రెండేళ్లకే ఇంటికి పదో పరకో పంపవలసిన కుటుంబాల పిల్లలు ఈ మార్గాన్ని ముందుగా పరిశీలించాలి.

దగ్గరలోని విభాగాలు చూడండి. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాదుకు మెటీరియల్స్ సైన్స్, మెటలర్జీ విభాగం ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. ఇస్తుంది. వరంగల్ ఎన్ఐటీలో పాత, గట్టి లోహశాస్త్ర విభాగం ఉంది. కొంచెం దూరం వెళితే బెంగుళూరు ఐఐఎస్‌సి, మద్రాసు ఐఐటీ. హైదరాబాదు చుట్టుపక్కల చదివేవారికి ఒక అదనపు లాభం ఏమంటే, రెండవ సంవత్సరం ప్రాజెక్టును పైన చెప్పిన పరిశోధనశాలల్లో ఒకదానిలో చేసే అవకాశం దొరకవచ్చు. ప్రవేశానికి ముందే విభాగాన్ని ఆ సంగతి అడగండి.

ఇక్కడ ధ్రువపత్రాల గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే మా వద్దకు వచ్చే కష్టాల్లో సగం దీనివల్లే. 2007 చట్టం ద్వారా 14 ముస్లిం సముదాయాలకు వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం రాష్ట్ర కోటా. రాష్ట్ర పీజీఈసెట్‌లో అది చెల్లుతుంది. ఐఐటీ, ఎన్ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా మాత్రమే. దూదేకుల, నూర్‌బాషా వారు రాష్ట్రంలో బీసీ-బి. కేంద్ర జాబితాలో కూడా ఉన్నారు. వారు కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. బీసీ-ఇ వారు తమ సముదాయం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. లేకుంటే కేంద్ర సంస్థల విషయంలో వారు ఈడబ్ల్యూఎస్ పది శాతం కిందికి వస్తారు. దానికి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఐదెకరాలు, ఆపైన సాగుభూమి గానీ, వెయ్యి చదరపు అడుగులు, ఆపైన ఫ్లాటు గానీ, పట్టణంలో వంద గజాలు, ఆపైన ఇంటి స్థలం గానీ ఉండకూడదు. 'మీరు బీసీ కదా, మీకు ఈడబ్ల్యూఎస్ ఎట్లా ఇస్తాం?' అని తహశీల్దారు కార్యాలయంలో అడిగితే, అడుగుతున్నది కేంద్ర నమూనా పత్రమని చెప్పి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. గుంటూరు జిల్లా అమ్మాయి ఒకరు గేట్‌లో మంచి మార్కులు తెచ్చుకొని, బీసీ-ఇ పత్రాన్ని ఓబీసీ గడిలో జతపరిచారు. సీటు వచ్చింది; పత్రాల పరిశీలనలో రద్దయింది. జనరల్ కింద అదే విభాగం దొరకలేదు. ఆమెకు ఈడబ్ల్యూఎస్ అర్హత నిక్షేపంగా ఉంది. చెప్పినవారు లేరు. మరుసటి ఏడు అదే స్కోరుతో వేరేచోట చేరారు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక సరిపోయింది.

ఇప్పుడు గైడు, ప్రయోగశాల. ఈ శాఖలో ఎన్ని పాయలో చూడండి: లోహాలు, సిరామిక్స్, పాలిమర్లు, చిప్పులకు వాడే ఎలక్ట్రానిక్ పదార్థాలు, బ్యాటరీలు, పదార్థ నిర్మాణాన్ని కంప్యూటరు మీద లెక్కగట్టే శాఖ. ఏ విభాగమూ అన్నింటిలోనూ గొప్పది కాదు. ర్యాంకుల పట్టిక ఈ తేడాను చూపదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్ఫ్రెడ్ అనే చిన్న ఊరి విశ్వవిద్యాలయం పేరు మన బంధువులెవరూ విని ఉండరు. గాజు, సిరామిక్స్ రంగంలో దాని పేరు తెలియనివారు ఉండరు. ఓహాయో స్టేట్‌లో వెల్డింగ్ ఇంజనీరింగ్ విడిగా ఒక పట్టా. వెల్డింగ్ దుకాణం నడిపే తండ్రులు ఇది విని నవ్వుతున్నారు, కానీ అణు రియాక్టరులోనైనా ఓడలోనైనా మొదట విరిగేచోటు అతుకే కనుక ఆ విద్యకు అంత విలువ.

ఒక విభాగాన్ని ఎలా పరిశీలించాలి? అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. మైక్రోస్కోపు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగవలసినది వేరు. ఎం.టెక్. విద్యార్థిని స్వయంగా నడపనిస్తారా, లేక నమూనా ఇచ్చేసి టెక్నీషియను తీసిన బొమ్మలు పుచ్చుకోవాలా? వంతు రావడానికి ఎన్ని రోజులు? గంటకు పడే రుసుము గైడు ప్రాజెక్టు నుంచి చెల్లిస్తారా? యంత్రం చెడిపోతే ఎన్ని నెలలు పడుతుంది? మా ఎరుకలో ఒక అబ్బాయి ఆరు నెలలు మరమ్మతు కోసం ఎదురుచూసి, చివరికి వేరే ఊరికి నమూనాలు పట్టుకువెళ్ళి డిసర్టేషన్ పూర్తి చేసుకొన్నాడు. గైడు గురించి అడగవలసినవి: గత ఐదేళ్లలో ఆయన విద్యార్థులు ఎక్కడ స్థిరపడ్డారు, పిహెచ్.డి.కి సగటున ఎన్నేళ్లు పట్టింది, ఎవరైనా మధ్యలో మానేశారా, ఆయన ఎప్పుడు పదవీ విరమణ చేస్తారు, ఇప్పుడున్న ప్రాజెక్టుకు నిధులు ఎప్పటిదాకా ఉన్నాయి. ఇవి అమర్యాదకరమైన ప్రశ్నలు కావు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనం అడిగేవాటితో పోలిస్తే చాలా చిన్నవి.

గైడుకు ఈమెయిలు రాసే పద్ధతి కూడా చెప్పాలి. నూటయాభై మంది ఆచార్యులకు ఒకే ఉత్తరం, పేరు మాత్రం మార్చి పంపుతున్నారు. కొన్నిసార్లు పేరు మార్చడం కూడా మరచిపోతున్నారు. అవి చదవబడవు. ఒక ఆచార్యుని ఇటీవలి పరిశోధనా పత్రాలు రెండు చదవండి. అర్థమైనంతలో ఒక ప్రశ్న అడగండి. మీరు బి.టెక్.లో చేసిన ప్రాజెక్టులో మీ చేతితో ఏం చేశారో నాలుగు వాక్యాలు రాయండి. పోత పోశారా, గట్టిదనం కొలిచారా, నమూనాను పాలిష్ చేశారా, అంతవరకే రాయండి. వారానికి రెండు ఉత్తరాల కంటే ఎక్కువ మంచివి రాయలేరు. రెండు చాలు.

విదేశాల మాటకు వస్తాము. అమెరికాలో స్టైపెండు లేని ఎం.ఎస్.కు రెండేళ్లకు యాభై లక్షల రూపాయల వరకు, కొన్నిచోట్ల అంతకు మించి అవుతుంది. అదే విభాగంలో పిహెచ్.డి.లో చేరితే సాధారణంగా ఫీజు మాఫీ చేసి నెలనెలా వేతనం ఇస్తారు. బి.టెక్. తర్వాత నేరుగా పిహెచ్.డి.కి దరఖాస్తు పెట్టవచ్చన్న సంగతి మన వీధి కన్సల్టెన్సీలు చెప్పవు. వాటికి ఆదాయం ఎం.ఎస్. ప్రవేశాలతోనే వస్తుంది. ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. కర్నూలు కుటుంబం ఒకటి ప్లాటు అమ్మి కొడుకును పంపింది. అతడు విమాన ఇంజన్లలో వాడే అధిక ఉష్ణోగ్రత లోహాలను ఎంచుకొని బాగా చదివాడు. ఉద్యోగ ప్రకటనలు చూస్తే సగానికి పైగా 'అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే' అని ఉన్నాయి. ఆయుధ సాంకేతికత ఎగుమతిని అదుపుచేసే 'ఐటార్' నిబంధనల ప్రకారం రక్షణ సంబంధమైన సాంకేతిక వివరాలను విదేశీయునికి చూపాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే కంపెనీలు విదేశీ విద్యార్థులను తీసుకోవు. అణు ఆయుధ ప్రయోగశాలల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ అబ్బాయి రెండో ఏడాదిలో చిప్పుల తయారీకి సంబంధించిన పలుచని పొరల వైపు మారి ఉద్యోగం సంపాదించాడు, కానీ ఆ మార్పుకు ఒక సెమిస్టరు ఎక్కువ పట్టింది. దాని ఖర్చు కూడా ఇంటి మీదే పడింది. అమెరికాలో ఉండిపోదలచినవారు చిప్పులు, బ్యాటరీలు, వైద్య ఉపకరణాల పదార్థాల వంటివి చూసుకోవాలి. విమాన, క్షిపణి లోహాలంటే ప్రాణమైన పిల్లవాడికి కంచన్‌బాగ్ ఉంది. అక్కడ మన భారత పౌరసత్వమే అర్హత, గేట్ స్కోరు ఆధారంగా డి.ఆర్.డి.ఓ. శాస్త్రవేత్తల నియామకాలు జరుగుతాయి.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో బోధనా రుసుము లేదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహే ఉన్న రాష్ట్రంలోనూ, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోనూ మనవంటి విదేశీయుల నుంచి రుసుము తీసుకుంటారు. జీవన వ్యయానికి ఏడాదికి 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపాలి. అది మన డబ్బే, నెలకు 992 చొప్పున మనకే తిరిగి వస్తుంది, కానీ ముందుగా సమకూర్చుకోవాలి. భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ అనే పత్రాల పరిశీలన తప్పనిసరి. దానికి సమయం పడుతుంది. అక్కడ పిహెచ్.డి. అంటే సాధారణంగా జీతంతో కూడిన ఉద్యోగం. ఐరోపాలో రెండు మూడు దేశాల్లో తిరుగుతూ చదివే ఎరాస్మస్ ముండస్ ఉపకార వేతనాలు నెలకు 1,400 యూరోలు ఇస్తాయి. 'అమాసె' పేరుతో మెటీరియల్స్‌లో అటువంటి కోర్సు ఒకటి ఉంది.

గల్ఫ్ అంటే మన ఇళ్ళల్లో పని వీసా అనే అర్థం. జిద్దాకు ఉత్తరాన తువల్ వద్ద 2009లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయంలో ప్రవేశం పొందిన ప్రతి విద్యార్థికీ ఫీజు, నివాసం, నెలవారీ భత్యం అదే సంస్థ ఇస్తుంది. మెటీరియల్స్ సైన్స్ అక్కడి ముఖ్య విభాగాల్లో ఒకటి. పోటీ గట్టిది. దరఖాస్తు పెట్టే మన పిల్లలు మాత్రం చాలా తక్కువ.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్య కోసం ఇచ్చే 20 లక్షల ఉపకార వేతనం చాలామందికి తెలుసు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. డబ్బు అక్కడికి చేరిన తర్వాత, విడతలుగా వస్తుంది. కనుక మొదటి సెమిస్టరు ఫీజు, విమాన టికెట్టు, వీసా ఖర్చు చేతిలో ఉండాలి. దాని భరోసాతో చేబదులు తెచ్చేవారు, తిరిగి చెల్లించే గడువు దూరంగా పెట్టుకోవాలి.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. 'లోహాల చదువు, ఉక్కు ఫ్యాక్టరీ, ఆడపిల్లకెందుకు?' అని అడుగుతున్నారు. నేడు ఈ శాఖలో పని పెక్కు భాగం మైక్రోస్కోపు గదిలో, ప్రయోగశాల బల్ల దగ్గర జరుగుతుంది. కొలిమిలో పెట్టిన నమూనా కొన్నిసార్లు ఇరవై నాలుగు గంటలు ఉండాలి; రాత్రి తీయవలసి రావచ్చు. ఆ సంగతి దాచము. కనుక హాస్టలు ప్రయోగశాలకు ఎంత దూరం, రాత్రివేళ ఒంటరిగా పని చేయకూడదన్న నియమం ఉందా, గ్యాసు అలారాలు పని చేస్తున్నాయా అన్నవి అడగండి. కొడుకుల కోసం కూడా ఇవే అడగండి. జవాబు సరిగా ఉన్నచోటికి కూతురిని పంపండి. 'పెళ్లి చేశాక చదివించుకుంటారు' అన్న హామీ మీద గేట్ స్కోరును వదులుకోవద్దు. స్కోరుకు మూడేళ్ల గడువు, హామీకి గడువు లేదు.

ఇక తేదీలు. గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర, సెప్టెంబరులలో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. అమ్మాయిలకు దరఖాస్తు రుసుములో రాయితీ ఉంది. అమెరికా పిహెచ్.డి. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది. కనుక గైడులకు ఉత్తరాలు సెప్టెంబరులోనే మొదలు కావాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరం లెక్కన చెల్లుతుంది, ఏప్రిల్ దాటాక కొత్తది తీసుకోండి. కేంద్ర నమూనా ఫారాలు ఆ చివరి బల్ల మీద ఉన్నాయి. మార్కుల మెమోలు తెచ్చినవారు జొహర్ తర్వాత ఇక్కడే ఉంటే, ఒక్కొక్కరితో కూర్చొని విభాగాల జాబితా తయారు చేస్తాము. ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు; ముందు వెనుక వరుసలోని అమ్మాయిలు అడగాలి.